ఒకే నంబరు మీద పన్నెండు మంది

మొన్న సాయంత్రం మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటే, పదకొండో తరగతి చదువుతున్న మా మనవరాలు ఎదురుగా లాప్‌టాప్ పెట్టుకుని తనలో తాను విసుక్కుంటోంది. ఏమిటమ్మా అని అడిగితే, స్కూల్లో కంప్యూటరు హోంవర్క్ ఇచ్చారనీ, డిక్షనరీ అని ఒకటి తయారుచేసి అందులో స్నేహితురాళ్ళ పేర్లూ, ఒక్కొక్కరు ఆడే ఆటలూ పెట్టాలనీ, ఒకే పిల్లకు రెండు ఆటలు రాస్తే మొదటిది మాయమై రెండోదే మిగులుతోందనీ చెప్పి, నీకివన్నీ అర్థం కావులే అమ్మమ్మా అన్నట్టు తల తిప్పుకుంది. నేను చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, ఆ పేరు ఎదురుగా ఆటను పెట్టకూడదు, ఒక జాబితాను పెట్టాలి, ఆ పేరుకు జాబితా లేకపోతే ముందు ఖాళీది ఒకటి పెట్టి, ఆ తర్వాత ఏ ఆట వచ్చినా దాని చివర చేర్చుకుంటూ పోవాలి అని చెప్పాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపు మీరు చూడవలసింది. సూదులూ కట్లూ తప్ప మరేమీ తెలియని ముసలామెకు ఇది ఎవరు నేర్పారన్నట్టు చూసింది. పని నేర్పిందిలే అని అప్పటికి ఊరుకున్నాను గానీ, ఆ వేళ్టి నుంచి మనసంతా ఇబ్రిలోనే తిరుగుతోంది.

ఇబ్రి అంటే మస్కట్ నుంచి బస్సులో నాలుగైదు గంటలు. నిజ్వా దాటాక దారి పొడుగునా రాళ్ళగుట్టలే తప్ప కంటికి ఆకుపచ్చ కనిపించేది కాదు. గోదావరి కాలవల పక్కన పెరిగిన నాకు మొదటి ప్రయాణంలో, ఇంత ఎండిన నేలమీద మనుషులు ఎలా బతుకుతున్నారా అని ఏడుపొచ్చింది. నర్సాపురం దగ్గర మిషన్ ఆసుపత్రిలో పదేళ్ళు నర్సుగా చేసి, మా ఆయన్నీ, అయిదో తరగతి చదువుతున్న మా అమ్మాయినీ మా అత్తగారికి అప్పగించి, ఇబ్రిలో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో చేరాను. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు నర్సులు, ఒక మలయాళీ మేనేజరు, నెలకోసారి వచ్చి అందరికీ సలాం చెప్పి ఖర్జూరాల డబ్బా ఇచ్చి వెళ్ళే ఒమానీ యజమాని, అదీ మా క్లినిక్. నా వయసు నర్సులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రోగి పేరు అరబ్బీలో ఒకలా, ఇంగ్లీషులో మరోలా, రిజిస్టరులో ఇంకోలా ఉండేది, పాత కార్డు వెతకడానికే సగం డ్యూటీ అయిపోయేది.

ఆ అవస్థ చూడలేక మేనేజరు కంప్యూటరు పెడదామన్నాడు. మా పిన్ని కొడుకు అప్పటికి మస్కట్‌లో ఒక కంప్యూటర్ల షాపులో పనిచేస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ రేడియోలు విప్పి బిగించే రకం, మాట తక్కువ, పని ఎక్కువ. సెలవు రోజున బస్సెక్కి వచ్చి, నేను వండిన చేపల పులుసు తిని, క్లినిక్‌లో కూర్చుని రోగుల వివరాలు దాచే ప్రోగ్రాం రాసిచ్చాడు. రాసేముందు నన్నొక ప్రశ్న అడిగాడు. రోగి వచ్చి కౌంటరు దగ్గర నిలబడితే, వీడు ఫలానావాడని దేన్నిబట్టి వెతకాలక్కా అని. పేరు నమ్మలేం. బతాకా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, రెన్యువల్‌కనో మరొకందుకనో ఎప్పుడూ కంపెనీ కాగితాలు చూసేవాడి దగ్గరే ఉండేది. అందరికీ నోటికొచ్చేది ఫోన్ నంబరొక్కటే. అదే పెట్టరా తమ్ముడూ అన్నాను. ఆ సలహా నాదేనని ఇన్నేళ్ళ తర్వాత కూడా దాచను.

నాకు తట్టని సంగతి ఏమిటంటే, క్యాంపుల్లో ఉండే మనవాళ్ళకు ఆ రోజుల్లో మనిషికో ఫోన్ లేదు. రూముకొకటి ఉండేది. ఊరి నుంచి ఎవరికి ఫోనొచ్చినా దానికే రావాలి, ఎత్తినవాడు కేకేస్తే అసలువాడు పరుగెత్తుకు రావాలి. పన్నెండు మంది పడుకునే రూములో పన్నెండు మందీ క్లినిక్‌కు వచ్చి చెప్పే నంబరు ఒకటే.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన సెంట్రింగు పనివాళ్ళ రూము ఒకటి మా క్లినిక్‌కు దగ్గర్లోనే ఉండేది. అందులో ఇద్దరు రాజన్నలు. ఆ వైపు వేములవాడ రాజన్న దేవుడి పేరు పెట్టుకోని ఇల్లుండదట, అందుకని రూములో వాళ్ళు పొడుగాయన్ని పెద్ద రాజన్న అనీ, పొట్టాయన్ని చిన్న రాజన్న అనీ పిలుచుకునేవాళ్ళు. కౌంటరు దగ్గర మాత్రం ఇద్దరూ ఉత్త రాజన్నే. పెద్ద రాజన్న మొదటిసారి అరికాల్లో మేకు దిగి వచ్చాడు. నేను కట్టు కడుతూ, ఏ మందైనా పడదా అని అడిగితే, పెన్సిలిన్ సూది పడదని, చిన్నప్పుడు వేస్తే ప్రాణం మీదికొచ్చిందని చెప్పాడు. ఆ మాట కంప్యూటర్లో ఎక్కించాను. కొత్త మిషను కదా, ఆయన వంగి తెరలోకి చూసి, నా పేరేది సిస్టరమ్మా అని అడిగితే చూపించాను కూడా. చదువు పెద్దగా లేదు గానీ ఇంగ్లీషులో తన పేరు గుర్తుపట్టగలడు. తృప్తిగా నవ్వి వెళ్ళాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కంట్లో సిమెంటు దుమ్ము పడి చిన్న రాజన్న వచ్చాడట. నేనప్పుడు డ్యూటీలో లేను. నాతో పనిచేసే నర్సు, తమిళమ్మాయి, కొత్త రోగి కదా అని కొత్తవాళ్ళను ఎక్కించే చోట ఆ నంబరు కొట్టి, పేరు రాసి, ఏ మందైనా పడదా అని అడిగి, అన్నీ పడతాయంటే అలాగే ఎక్కించింది. ఆ పిల్ల చేసిందాంట్లో తప్పేమీ లేదు.

మరో నెలకు పెద్ద రాజన్న ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వచ్చాడు. గొంతు వాచిపోయి మాట పెగలడం లేదు. తోడొచ్చిన సైట్ డ్రైవరు రూము ఫోన్ నంబరు రాసిచ్చి బయటికి వెళ్ళిపోయాడు. డాక్టరుగారు గొంతు చూసి పెన్సిలిన్ రాశారు. నేను కంప్యూటర్లో నంబరు కొట్టాను. రాజన్న అని వచ్చింది. పడని మందుల దగ్గర ఏమీ లేదు. రోజుకు ఎందరినో చూసే నాకు, ఆయన మొదటిసారి చెప్పిన మాట ఆ క్షణాన గుర్తుకు రాలేదు. నా మొహం చూసి ఆయనకు ధైర్యం వచ్చినట్టుంది, నాకు చెప్పే ఉన్నాడు కదా. నేను సూది తీసేసరికి మాత్రం చెయ్యి అడ్డంగా ఊపాడు. వద్దు అన్నట్టు.

ఇక్కడే నేను ఆగాల్సింది. పదిహేనేళ్ళుగా సూదులు వేస్తున్నదాన్ని, సూది చూసి చెయ్యి అడ్డం పెట్టే మగవాళ్ళను ఎందరినో చూశాను. భయపడుతున్నాడనుకున్నాను. ఏం కాదు రాజన్నా, చీమ కుట్టినట్టే ఉంటుంది అని భుజం నిమిరి, ముంజేతి మీద పరీక్ష మందు కొంచెం ఎక్కించాను. ఆ కొంచానికే చూస్తుండగా పెదవులు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి కూత పెట్టడం మొదలైంది. డాక్టరుగారు పరుగెత్తుకొచ్చారు. విరుగుడు సూది వేశాం, ఆక్సిజన్ పెట్టాం, అంబులెన్సులో నేనే పక్కన కూర్చుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో ఆయన నా మణికట్టు పట్టుకున్న పట్టు వదల్లేదు. ఆ వాపులోనూ కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. అసలు మందు మొత్తం వేసి ఉంటే ఏమయ్యేదో నర్సులైన వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ప్రాణం నిలిచింది. రెండు రోజులు అక్కడే ఉంచారు. ఈలోగా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, తెర నావైపు తిప్పి, "సిస్టర్, దేఖో, ఇస్ మే కుచ్ నహీ హై. ఆప్ నే లిఖా హీ నహీ" అన్నాడు. ఇందులో ఏమీ లేదు, నేను రాయనే లేదని. రాశానంటే రుజువేది. కాగితం మీద అయితే కొట్టేసిన గీతైనా కనిపిస్తుంది, రుద్దిన మచ్చైనా ఉంటుంది. ఆ తెరమీద మచ్చా లేదు, గీతా లేదు. నాకే అనుమానం వచ్చింది, రాశాననుకుని రాయలేదేమోనని. జరిగింది రాసిచ్చి సంతకం పెట్టమన్నాడు. పెద్ద రాజన్న కంపెనీవాళ్ళు ఫిర్యాదు చేస్తే నా లైసెన్సు పోతుంది, ఆ పైన ఏమవుతుందో తలుచుకోవడానికే భయం. మా ఆయనకు ఫోన్ చేసి కూడా, ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయని చెప్పి పెట్టేశాను.

డిశ్చార్జ్ అయిన రోజు పెద్ద రాజన్న రూముకు వెళ్ళకుండా నేరుగా క్లినిక్‌కు వచ్చాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నేను కుర్చీ చూపించి, ఎదురుగా నిలబడి, ఆ రోజు నువ్వు చెయ్యి ఊపావు, నేను భయమనుకున్నాను, తప్పు నాది అని చెప్పేశాను. మేనేజరుకు రాసిచ్చిన కాగితంలో ఆ సంగతి రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయనకు మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆయన "భయపడ్డది నిజమే సిస్టరమ్మా, ఆ సూదికి భయపడకుంటె దేనికి భయపడ్త" అని నవ్వి, "గని నేను మొదలే జెప్పిన గద. మీరు రాసిండ్రు, నేను జూసిన. మరి మీ మిషన్ల నేనెట్ల లేకుంట వోయిన?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎంత మెత్తగా అడిగాడో అంతగా గుచ్చుకుంది. మేనేజరు గదిలోకి తనే వెళ్ళి, వచ్చీరాని హిందీలో, "సాబ్, సిస్టర్ లిఖా. మై మేరా నామ్ దేఖా, ఉస్ కే బాజూ మే లిఖా" అని, తన పేరు పక్కనే సిస్టర్ రాయడం తను చూశానని వేలితో బల్ల మీద రాసి చూపించాడు. ఇంకో మనిషైతే ఆ వేళ నా మీద కేసు పెట్టేవాడు. ఆయన మాటతో మేనేజరు మెత్తబడ్డాడు గానీ, మరి రాసింది ఎక్కడికి పోయినట్టు అన్నది అలాగే మిగిలింది.

ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం తెల్లవారుతూనే మా తమ్ముడు మస్కట్ నుంచి దిగాడు. నేను ఫోన్లో చెప్పినప్పుడే వాడికి అనుమానం తగిలినట్టుంది. వచ్చీరాగానే టీ అయినా తాగకుండా కంప్యూటరు ముందు కూర్చుని, లేని నంబరొకటి కొట్టి, దాని ఎదురుగా నా పేరు రాశాడు. మళ్ళీ అదే నంబరు కొట్టి వాడి పేరు రాశాడు. మూడోసారి ఆ నంబరు అడిగితే వాడొక్కడే వచ్చాడు. నేను లేను.

"చూశావా అక్కా, ఉన్నవాడి మీదే కొత్తవాణ్ణి రాసేస్తోంది. నంబరుకొక మనిషే అనుకుని రాశాను నేను. ఇది నా తప్పే" అన్నాడు.

ఆ మాట నాతో అని ఊరుకోలేదు. మేనేజరును పిలిచి ఆయన కళ్ళముందు అదే మళ్ళీ చేసి చూపించాడు. ఇంకో రెండు క్లినిక్కులకు ఆ ప్రోగ్రామే ఇవ్వబోతున్నాడని నాకు తెలుసు, తప్పు ఒప్పుకుంటే అవి పోతాయనీ తెలుసు. పోయాయి కూడా. వాడు ఆ రోజు మౌనంగా ఉండి చాటుగా సరిచేసి వెళ్ళిపోయి ఉన్నా ఎవరూ పట్టుకోగలిగేవారు కాదు. నా కాగితాన్ని మేనేజరు నా ముందే చింపేశాడు. ఆ తర్వాత నేను, చెయ్యి ఊపిన సంగతి కూడా ఆయనకు చెప్పాను. ఆయన, ఇకమీదట కంప్యూటరు చెప్పినా సరే మనిషిని అడగమన్నాడు. ఆ మాట క్లినిక్‌లో అందరికీ నియమమైంది.

ఆ పూటే తమ్ముడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పాడు. కంప్యూటర్లో వాడు వాడిన దాన్ని డిక్షనరీ అంటారట. మాట ఎదురుగా అర్థం ఉన్నట్టు నంబరు ఎదురుగా మనిషి ఉంటాడు. ఒక మాటకు ఒకే చోటు, అక్కడ ఇంకొకర్ని పెడితే మొదటివారు చెప్పాపెట్టకుండా పోతారు. చోటును రెండు చేయలేం, కానీ ఆ చోట్లో మనిషికి బదులు ఒక జాబితాను పెట్టవచ్చు. అప్పుడు ఒకే నంబరు మీద ఎందరైనా ఉంటారు. విన్నప్పుడు ఇంతేనా అనిపించింది. చేయబోతే మాత్రం ఒకదాని తర్వాత ఒకటి అడ్డొచ్చాయి. పాతవాటిలో జాబితాలు లేవు, మనుషులే ఉన్నారు కాబట్టి, చివర చేర్చమంటే ప్రోగ్రాం మొరాయించింది. ఒక్కొక్కరినీ తీసి ఒక్కరే ఉన్న జాబితాలో పెట్టాల్సి వచ్చింది. అదయ్యాక, ఒకే మనిషి రెండుసార్లు వస్తే రెండుసార్లు కనబడటం మొదలైంది. మరి ఇద్దరు రాజన్నల్నీ వేరుగా ఎలా గుర్తుపట్టడం అని వాడు తల గోక్కుంటే, మన ఊళ్ళల్లో ఎలా గుర్తుపడతామురా, ఎవరి కొడుకని అడుగుతాం, ఏ ఊరని అడుగుతాం అన్నాను. అలా తండ్రి పేరూ ఊరి పేరూ చేరాయి.

అయినా పోయినవాళ్ళు పోయినట్టే. ఏ నంబరు కింద ఎందరు చెరిగిపోయారో కంప్యూటరుకు తెలియదు, మాకూ తెలియదు. అందులో ఎంతమంది పెద్ద రాజన్నలున్నారో అనుకుంటే నాకు అన్నం సహించలేదు. చివరికి మళ్ళీ అడిగి రాసుకోవడం తప్ప దారి లేదని, శుక్రవారం శుక్రవారం క్యాంపులకు వెళ్ళడం మొదలుపెట్టాం. పెద్ద రాజన్నే మాకు దారి చూపించాడు. ఏ రూములో ఎవరుంటారో, ఎవరిది ఏ ఊరో ఆయనకు తెలియనిది లేదు. నేను నోటుబుక్కు పట్టుకుని అడగడం, తమ్ముడు వచ్చిన వారం వాటిని ఎక్కించడం. ఆ శుక్రవారాల్లో జరిగే మా తెలుగు వాళ్ళ చర్చి ఆరాధనకు వెళ్ళలేకపోయాను. సంఘపెద్దగారి భార్య ఏమైందని ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. ఆ పై వారం ఆవిడ కూడా ఒక నోటుబుక్కు తీసుకుని నాతో వచ్చింది.

పైనా కిందా మంచాలు, దండేల మీద ఆరేసిన డ్యూటీ బట్టలు, మూలన గ్యాసు మీద ఉడుకుతున్న పప్పు వాసన. మొదట్లో వాళ్ళు మమ్మల్ని చూసి బెదిరేవాళ్ళు, జబ్బుందని రాసుకుంటే ఇంటికి పంపేస్తారేమోనని. "ఆ రోజు సూది ఏసింది ఈ సిస్టరమ్మనే, అంబులెన్సుల నా చెయ్యి వట్టుకోని కూసున్నది గూడ ఈమెనే, జెప్పుండ్రి" అని పెద్ద రాజన్న అనేవాడు. రెండు మాటలూ కలిపే చెప్పేవాడు, ఒకటి దాచి ఒకటి చెప్పేవాడు కాదు. అప్పుడు నోళ్ళు విప్పేవాళ్ళు. ఒకాయనకు మూర్ఛ ఉందని రూములో అందరికీ తెలుసు, పైన పరంజా ఎక్కించే కంపెనీకి తెలియదు. డాక్టరుగారు ఫోర్‌మన్‌తో మాట్లాడి ఆయన్ను స్టోరులో వేయించారు. ఇంకో ఇద్దరికి సల్ఫా మాత్రలు పడవు. ఆ ఇద్దరి పేర్లూ మా తెరమీద ఎక్కడా లేవు. తండ్రి పేరు అడిగినప్పుడు మాత్రం ఒక్కొక్కరూ ఒక్క క్షణం ఆగి చెప్పేవాళ్ళు. కాగితాల్లో తప్ప ఈ దేశంలో ఎవరూ నోటితో అడగని ప్రశ్న అది.

మా ప్రోగ్రాంలో ఆ రూము ఫోన్ నంబరు కొడితే పన్నెండు పేర్లూ వరసగా వచ్చిన రోజున, పెద్ద రాజన్న వచ్చి తన పేరు వెతుక్కుని, దాని కింద చిన్న రాజన్న పేరు చూసి, "గిప్పుడు ఇద్దరం ఉన్నం" అన్నాడు. ఆయన ఇంకో నాలుగేళ్ళు ఉండి, కూతురి పెళ్ళి చేయడానికి ఊరికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. వెళ్ళేముందు నాకూ తమ్ముడికీ చెప్పి వెళ్ళాడు. తమ్ముడు ఇప్పుడు కాకినాడలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతున్నాడు. మొదటి పాఠంలోనే ఈ కథ చెబుతాడట, తప్పు చేసినవాడి పేరుతో సహా.

ఇప్పుడు క్యాంపుకు వెళితే ప్రతి మంచం మీదా ఒక ఫోన్ వెలుగుతూ ఉంటుంది. మనిషికో నంబరు, మనిషికో బతాకా, వేలు పెడితే చాలు వివరాలన్నీ వస్తాయి. ఇద్దరు రాజన్నలు కలిసిపోయే ప్రమాదం లేదు. నర్సుగా నాకు దానికి సంతోషమే. ఊళ్ళో బిడ్డ మొహం చూస్తూ మాట్లాడుకుంటున్నారు, వెనకటిలా పదకొండు మంది వింటుండగా భార్యతో మాట్లాడాల్సిన ఖర్మ లేదు.

కానీ పోయిన నెల మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి ఒక సంగతి చెప్పింది. తనూ నర్సేనని చెప్పలేదు కదూ. మధ్యాహ్నం వేళ సైట్ దగ్గర ఎండదెబ్బకు స్పృహ తప్పిన మనిషిని ఎవరో వార్డుకు చేర్చి వెళ్ళిపోయారట. కంప్యూటర్లో పేరు, వయసు, రక్తం గ్రూపు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇతని తాలూకు వాళ్ళకు చెబుదామని అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, ఆ మనిషి తలగడ పక్కన ఉన్న ఫోనే మోగిందట. ఇంకో నంబరు లేదు. అతను కళ్ళు తెరిచేదాకా, అతనితో ఒకే గదిలో పడుకునే మనుషులెవరో కనుక్కునే దారి లేకపోయింది.

వెనకటి ఆ రూముకు ఫోన్ చేస్తే ఎవరెత్తేవారో తెలిసేది కాదు. ఎవరెత్తినా, వాళ్ళలో ఎవరి పేరు చెప్పినా, చెప్పులు వేసుకుంటున్న చప్పుడు ఇవతలికి వినబడేది.